ఏ లోతులో దొరికింది?

రెండేళ్ల కిందట తూపిలిపాలెం తీరం నుంచి చిన్న డబ్బాడు ఇసుక తిరుపతికి తెచ్చి, మా కళాశాల ప్రయోగశాలలోని మైక్రోస్కోపు కింద పరిచి చూశాను. గసగసం గింజలో మూడో వంతు కూడా లేని చిప్పలు, చుట్టలు చుట్టుకున్నవి, ముళ్లున్నవి, పింగాణీలా తెల్లగా మెరిసేవి, ఇసుక రేణువుల మధ్య వందల కొద్దీ కనిపించాయి. ఆ రాత్రి ఇంటికి ఆలస్యంగా వెళ్లాను. వారం రోజులు కూర్చుని వాటిలో నలభైకి పైగా ఏరి, అట్టముక్కల మీద అతికించి, ఒక్కొక్క దాని కింద "సూక్ష్మ శిలాజం, తూపిలిపాలెం" అని పొందికగా రాసుకున్నాను.

వాటిని తిరుపతిలోనే ఉంటున్న ఒక విశ్రాంత భూగర్భశాస్త్ర అధ్యాపకునికి చూపించాను. నేను ఆయన శిష్యుణ్ణి కాను, వృక్షశాస్త్రం చెప్పేవాణ్ణి. అయినా ఊళ్లో అందరిలాగే నేనూ ఆయనను మాస్టారనే పిలుస్తాను. ఆయన అట్టలన్నీ ఓపికగా చూసి, "ఏ లోతులో దొరికింది, నాయనా?" అని ఒక్క ప్రశ్న అడిగారు. అలలు తడిపి వెళ్లే చోట పైపైన ఎత్తానని చెప్పాను. ఆయన ఒక చిప్పను కుంచె కొసతో తిప్పి, లోపలి అరల్లో ఎండిపోయి అంటుకున్న ఆకుపచ్చ గోధుమ రంగు పదార్థాన్ని చూపించి, "ఇది ఆ జీవి ఒళ్లు. నువ్వు ఇసుక ఎత్తిన రోజున ఇది బతికే ఉండి ఉంటుంది. శిలాజమని రాశావే" అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు. నాకు మాత్రం ఆ అట్టల వైపు చూడడం కష్టమైంది.

ఈ పొరపాటు నా ఒక్కడిదే అయితే ఇంత రాయనక్కరలేదు. తీరంలో ఏరిన చిన్న చిప్పను చూసి వెంటనే పేరు వెతకడం కొత్తగా ఈ పనిలోకి వచ్చిన ప్రతివారికీ సహజం. ఈ చిప్పలలో ఎక్కువ భాగం ఫొరామినిఫెరా అనే ఏకకణ జీవులవి. ఒకే కణమైనా తన చుట్టూ సున్నపు గూడు కట్టుకుని, పెరిగేకొద్దీ ఒక్కొక్క అర చేర్చుకుంటూ పోతుంది. బంగాళాఖాతపు అంచున ఈరోజు బతుకుతున్న అనేక రకాలు వేల ఏళ్ల కిందట కూడా ఇదే ఆకారంతో బతికాయి. కనుక ఆకారాన్ని బట్టి పేరు తెలియవచ్చును గాని, అది నిన్నటిదో వేల ఏళ్ల కిందటిదో తెలియదు. ఆ సంగతికి ముందుగా అడగవలసింది అది దొరికిన పొరనే.

మన తీరానికి ఈ ప్రశ్న మరీ ముఖ్యం. సుమారు 20,000 ఏళ్ల కిందట, మంచుయుగం ముదిరిన కాలంలో, సముద్రమట్టం ఇప్పటికంటే 120 మీటర్ల దాకా కిందికి ఉండేది. ఇప్పటి ఒడ్డు అప్పట్లో సముద్రానికి దూరంగా ఉన్న పొడినేల. మంచు కరిగేకొద్దీ నీరు పైకి వచ్చి, రమారమి 7,000 ఏళ్ల కిందటికి ఇప్పటి మట్టానికి దగ్గరగా చేరింది. ఆ నీరు చొచ్చుకొచ్చిన పల్లపు చోట్ల ఉప్పునీటి మడుగులు ఏర్పడ్డాయి; పులికాట్ సరస్సు వాటిలో పెద్దది, నేటికీ మిగిలి ఉన్నది. మిగిలినవాటిని నదుల ఒండ్రు, అలలు తెచ్చిన ఇసుక మెల్లగా పూడ్చివేశాయి. అందుకే తీరానికి కొంత లోపలగా వరి పండే నేలలోనూ బావి తవ్వితే కింద నల్లని బురద, అందులో ఆలుచిప్పలు బయటపడతాయి. పూర్వం గుల్ల సున్నం కాల్చడానికి తవ్వుకున్నవి ఇటువంటి చిప్పలే. భూగర్భశాస్త్రంలో 11,700 ఏళ్ల కిందట మొదలైన ఈ కాలాన్ని హోలోసీన్ అంటారు. దానికి చెందిన ఇటువంటి అవశేషాలను శిలాజమని నేరుగా అనకుండా ఉపశిలాజమనడం మేలని మాస్టారి అభిప్రాయం. ఇప్పుడు నాదీ అదే.

వాకాడు వైపు మా బావమరిదికి కొంత పట్టా భూమి ఉంది. ఉప్పుటేటికి దగ్గరగా ఉన్న చెక్కలో రొయ్యల గుంట తవ్విస్తున్నానని ఆయన ఫోనులో చెప్పిన మర్నాడే నాయుడుపేట మీదుగా బయలుదేరాను. పులికాట్ పక్షుల అభయారణ్యంలో అనుమతి లేకుండా పిడికెడు మట్టి ఎత్తడం కూడా తప్పు కనుక, సొంత మనిషి భూమిలో తవ్వకం జరగడం నాకు వరమనిపించింది. యంత్రం అప్పటికే మూడు మీటర్ల దాకా దిగింది. గోడ నిలువుగా, తడిగా, పొరలు విడివిడిగా కనిపిస్తూ నిలిచి ఉంది. పైన జానెడున్నర వేర్లున్న గోధుమ మట్టి. దాని కింద ఒక మీటరు దాటేవరకు పసుపు ఛాయ ఇసుక. అక్కడి నుంచి కిందికి, ముక్కుకు కోడిగుడ్డు కుళ్లిన వాసన తగిలే నల్లబూడిద రంగు బురద. ఆ బురదలో రెండు చిప్పలూ మూసుకున్నవి మూసుకున్నట్టే నిలిచిపోయిన ఆలుచిప్పలు ఉన్నాయి. ఎక్కడి నుంచో అలలు ఈడ్చుకొచ్చినవైతే రెండు చిప్పలూ ఎప్పుడో విడిపోయేవి. అవి అక్కడే పుట్టి, అక్కడే చచ్చి, అక్కడే పూడినవి.

ఈసారి మాస్టారు చెప్పినట్టే చేశాను. గోడకు టేపు వేలాడదీసి, కత్తితో ముందు బెత్తెడు మందం చెక్కి పారేసి, లోపలి మట్టిని మాత్రమే తీసుకున్నాను. నమూనాలను కింది నుంచి పైకి తీయాలి. పైనుంచి మొదలుపెడితే రాలిన మట్టి కింది పొరల మీద పడి, ఏది ఎక్కడిదో తెలియకుండా పోతుంది. 260 సెంటీమీటర్ల దగ్గర మొదలుపెట్టి 20 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున 13 సంచులు నింపాను. ప్రతి సంచి లోపల ఒక చీటీ, బయట ఒక చీటీ. గట్టు మీద నిలబడి ఇదంతా చూస్తున్న మా బావమరిది, "బావా, ఈ మట్టి రొయ్యకు పనికొస్తుందో లేదో చెప్తావని పిలిస్తే, మూటలు కట్టుకుని పోతుండావే" అన్నాడు. అలా అన్నవాడే నా కోసం యంత్రాన్ని పూటంతా ఆపించాడు. దాని బాడుగ గంటల లెక్కన ఉంటుందని నాకు తెలుసు.

కడగడం చూడడానికి చిన్న పని, నిజానికి ఓపిక అడిగేది అదే. ఎండిన మట్టిని 50 గ్రాములు తూచి, చాకలి సోడా కలిపిన నీటిలో రాత్రంతా నానబెడతాను. బురద దానంతట అది విడిపోవాలి. చేత్తో నలిపితే చిప్పలు పగులుతాయి. తొందరపడి ఆమ్లం వాడారంటే సున్నపు గూళ్లన్నీ కరిగి, ఇసుక మాత్రం మిగులుతుంది. మర్నాడు 63 మైక్రాన్ల జల్లెడలో పోసి, సన్నని ధారతో, కిందికి దిగే నీరు తేటగా వచ్చేవరకు కడుగుతాను. ఒక మిల్లీమీటరులో సుమారు పదహారో వంతు ఉండే ఆ కన్నం ఇసుకకూ అంతకంటే మెత్తని ఒండ్రుకూ మధ్య శాస్త్రజ్ఞులు పెట్టుకున్న హద్దు. చివరిసారి డిస్టిల్డ్ వాటర్‌తో కడగాలి. మా ఇంటి కుళాయి నీరు ఎండితే చిప్పల మీద తెల్లని పొర మిగులుతుంది.

జల్లెడ విషయంలో ఒక పద్ధతి ఉంది. ఒక నమూనా కడిగాక జల్లెడను మెథిలిన్ బ్లూ ద్రావణంలో ముంచి తీయాలి. కన్నాల్లో ఇరుక్కుని మిగిలిపోయిన చిప్పలకు ఆ నీలం అంటుకుంటుంది. తరువాతి నమూనాలో నీలిరంగు చిప్ప కనబడితే అది పాత నమూనాది. దాన్ని పక్కకు తీసేయవచ్చు. ఇంత తేలికైన ఉపాయం ముందే తెలియక, తొలి నెలలో కడిగిన రెండు సంచుల లెక్కలను నేను పూర్తిగా వదులుకోవలసి వచ్చింది. మా బావమరిది తవ్వించిన గోడలో ఆ రెండు లోతుల మట్టి సంచుల్లో ఇంకా మిగిలి ఉండబట్టి సరిపోయింది.

ఎండిన రేణువులను గళ్లు గీసిన నల్లని పళ్లెంలో పలుచగా చల్లి, మూడు సున్నాల అంకె గల అతి సన్నని కుంచె కొసను తడిచేసి, ఒక్కొక్క చిప్పను ఎత్తుతాను. అట్ట మీద పలుచని తుమ్మ జిగురు పూసి ఉంచితే అంటుకుంటుంది. మళ్లీ ఒక నీటిబొట్టు వేస్తే ఊడివస్తుంది. ఈ వెసులుబాటు చాలా అవసరం, ఎందుకంటే ఒక్క వైపు చూసి ఏ చిప్పనూ గుర్తించలేం. నల్లబురదలో అన్నిటికంటే ఎక్కువగా దొరికే అమ్మోనియానే చూడండి. చుట్టిన చాపను నిలబెట్టి పైనుంచి చూసినట్టు, ఒక వైపు మొదటి అర నుంచి చివరి అర దాకా చుట్లన్నీ కనిపిస్తాయి. తిప్పి చూస్తే ఆఖరి చుట్టు మాత్రమే కనిపిస్తుంది, నడుమ ఒక్కోసారి చిన్న బొడిపె ఉంటుంది. ఎల్ఫిడియం అలా కాదు, రెండు వైపులా ఒకేలా ఉంటుంది. అరకూ అరకూ మధ్య గోనెసంచి మూతి కుట్టినట్టు వరుసగా అడ్డకుట్లు ఉంటాయి. ఆ కుట్లను ఒకసారి చూసినవారు మళ్లీ పొరబడరు. క్విన్‌క్వెలోక్యులినా వెల్లుల్లి గడ్డలా పొడవాటి అరలను ఒకదాన్నొకటి కప్పుతూ పేర్చుకుంటుంది. బయటికి మొత్తం ఐదు అరలు కనిపించాలి. ఒక వైపు నాలుగు, మరో వైపు మూడు; కొన్ని అరలు రెండు వైపులా కనబడతాయి. తిప్పి తిప్పి లెక్కపెట్టినా మూడే కనబడితే అది ట్రైలోక్యులినా. పైనున్న ఇసుకలో అరుదుగా దొరికే ఆస్టెరోరొటాలియాకు మూడు ముళ్లుంటాయి, పల్లేరుకాయను అద్దంలో చిన్నది చేసి చూపినట్టు.

చుట్టలుగా ఉన్నదంతా ఫొరామినిఫెరా కాదన్నది నేను నేర్చుకున్న మరో సంగతి. పిల్లనత్త గుల్ల కూడా అంతే పరిమాణంలో, అలాగే మెలితిరిగి ఉంటుంది. తడి చేసి కింది నుంచి వెలుతురు పంపితే తేడా తెలుస్తుంది. నత్త గుల్ల మొదలు నుంచి చివరిదాకా అడ్డుగోడలు లేని ఒకే గొట్టం; ఫొరామినిఫెరా గూటిలో గోడలు వరుసగా కనిపిస్తాయి. పెసరబద్దలా ఉండే మరోరకం చిప్పలు ఆస్ట్రకాడ్‌లవి. అవి రొయ్యకు దూరపు చుట్టాలు, రెండు చిప్పల మధ్య ఒదిగి బతుకుతాయి. అవి ఎదిగేలోపు సాధారణంగా 8 సార్లు చిప్పలు విడిచి కొత్తవి వేసుకుంటాయి. అందుచేత ఒక పొరలో చిన్నవి, నడిమివి, పెద్దవి కలిసి దొరికితే అవి అక్కడే పెరిగాయని అర్థం. ఒకే పరిమాణం గలవి మాత్రమే ఉంటే నీరు వాటిని చెరిగి తెచ్చి పోసిందని అనుమానించాలి. మా పెద్దమ్మ చాటలో బియ్యం చెరిగేటప్పుడు నూకలు ఒక పక్కకు, గింజలు ఒక పక్కకు చేరడం చూసినవాణ్ణి కనుక, మాస్టారు ఈ మాట చెప్పగానే నాకు అర్థమైంది.

పేరు విషయంలో ఇప్పుడు నేను చాలా నిదానం. పాత పుస్తకాలలో మన తీరపు అమ్మోనియాలన్నిటినీ దాదాపు 'బెక్కారి' అనే జాతిలోనే వేశారు. 18వ శతాబ్దంలో ఇటలీ ఇసుకలో ఇటువంటి చిప్పలను పరిశీలించిన బెక్కారి పేరుమీద 1758లో లిన్నేయస్ పెట్టిన పేరది. లిన్నేయస్ వాటిని నాటిలస్ అనే గుల్లజీవికి చిన్న రూపాలనుకున్నాడు. 1826లో ఈ గుంపుకు ఫొరామినిఫెరా అని పేరుపెట్టిన దొర్బిన్యి కూడా వాటిని ఆక్టోపస్ వర్గానికి చెందిన బుల్లి జీవులనే నమ్మాడు. అవి ఏకకణ జీవులని 1835లో దుజార్దాఁ చెప్పేవరకు ఆ భావన మారలేదు. సముద్ర పరిశోధనకు తిరిగిన ఛాలెంజర్ ఓడ సేకరణలపై 1884లో బ్రేడీ ప్రచురించిన 115 చిత్రపటాలను నేను ఈరోజుకూ పక్కన పెట్టుకుని చూస్తాను. చేత్తో గీసిన ఆ బొమ్మల్లో అరల అంచుల దాకా స్పష్టత ఉంది. అయితే ఇటీవలి జన్యు పరిశోధనలు అమ్మోనియాలో చూపుకు ఒకేలా ఉన్నవి వేర్వేరు జాతులని తేల్చాయి. గూడు మాత్రమే మిగిలిన చిప్పకు జన్యువు లేదు కదా. అందుకే నా అట్టల మీద "అమ్మోనియా" అని ప్రజాతి దగ్గరే ఆగుతాను. దానివల్ల లోపమేమీ లేదు. తెలిసినంత వరకే రాసిన పేరు తరువాత వచ్చేవారికి ఉపయోగపడుతుంది, ఊహించి రాసినది వారిని దారి తప్పిస్తుంది.

ఒక్కో నమూనాలో 300 చిప్పలు లెక్కపెట్టడం ఈ రంగంలో వాడుక. అలా లెక్కించుకుంటూ పోగా గోడ తన కథను కింది నుంచి చెప్పడం మొదలుపెట్టింది. 260 నుంచి 180 సెంటీమీటర్ల మధ్య అమ్మోనియా, ఎల్ఫిడియం, క్విన్‌క్వెలోక్యులినా కలిసి ఉన్నాయి, ఆస్ట్రకాడ్‌లు అన్ని వయసులవీ ఉన్నాయి. చాలా గూళ్ల అరల్లో నల్లని గింజలున్నాయి. గాలి తగలని బురదలో ఇనుము, గంధకం కలిసి పైరైటుగా గట్టిపడినవి అవి. సముద్రంతో బాగా సంబంధం ఉన్న, నీరు నిలకడగా ఉండే ఉప్పుమడుగు అది. 160 దగ్గరికి వచ్చేసరికి రకాలు తగ్గి, అమ్మోనియా ఒక్కటే గుంపులు గుంపులుగా మిగిలింది. ఉప్పు తగ్గినా పెరిగినా తట్టుకోగల మొండి ప్రాణి అది. అది ఒక్కటే అంత ఎక్కువగా ఉందంటే మిగిలినవాటికి అక్కడ బతుకు కష్టమైందని అర్థం. ఆపైన పసుపు ఇసుకలో చిప్పలు కొద్దిగానే ఉన్నాయి, అవి కూడా అరిగి, తుప్పురంగు పట్టి ఉన్నాయి. వాటిని మాస్టారు "ఇల్లు మారినవి" అంటారు. పాత పొర కోసుకుపోయినప్పుడు నీటితో కొట్టుకొచ్చి కొత్త పొరలో చేరినవి కనుక ఆ పొర గురించి వాటి సాక్ష్యం చెల్లదు.

ఆ ఇసుక ఎక్కడిదన్నది తిరుపతివాడిగా నాకు ప్రీతికరమైన విషయం. చంద్రగిరి వైపు కొండల్లో పుట్టి, తిరుచానూరు పక్కగా, శ్రీకాళహస్తి గుడి పక్కగా సాగి వాకాడు వైపు వచ్చే స్వర్ణముఖి తెచ్చిన స్ఫటిక రేణువులు అందులో ఉంటాయి. తిరుమల కొండ రాళ్లూ ఒకనాటి సముద్రపు ఇసుకే. కొన్ని పలకల మీద అలల గుర్తులు ఈనాటికీ కనిపిస్తాయి. కాని వాటి వయసు వంద కోట్ల ఏళ్లకు పైబడినది, గట్టి చిప్పలున్న జీవులు విరివిగా కనిపించేది సుమారు 54 కోట్ల ఏళ్ల కిందటి నుంచి. ఆ రాళ్లలో ఎంత వెతికినా గుల్ల దొరకదు. నా నల్లని పళ్లెంలో మాత్రం గుల్ల లేని సముద్రపు ఇసుక, గుల్లలున్న సముద్రపు బురద పక్కపక్కన పడి ఉంటాయి.

160 సెంటీమీటర్ల నమూనాలో ఒక రేణువు నన్ను రెండు నెలలు నిలబెట్టింది. అర మిల్లీమీటరు ఉంటుంది, కోడిగుడ్డు ఆకారం, తెలుపు, ఒంటి నిండా మెలితిరిగిన గట్లు. ఏకకణ జీవి అనుకుని బ్రేడీ పటాలన్నీ తిరగేశాను. నత్తపిల్ల అనుకుంటే నోరు లేదు. చేప చెవిరాయి అనుకుంటే అంత క్రమమైన మెలిక ఉండదు. ఒక నలుసు విరిచి వెనిగర్ బొట్టులో వేస్తే నురగ వచ్చింది కనుక సున్నమే. చివరికి ఇంటర్ పిల్లలకు శైవలాల పాఠం చెబుతూ బోర్డు మీద కారా మొక్క బొమ్మ గీస్తున్న పూట నా చేయి ఆగిపోయింది. కారాలో అండాన్ని కాపాడే న్యూక్యూల్ చుట్టూ ఐదు గొట్టపు కణాలు ఎడమవైపుగా మెలితిరిగి ఉంటాయి; వాటి గోడల్లో సున్నం చేరితే మొక్క కుళ్లిపోయాక ఆ మెలికలే మిగిలిపోతాయి. ఏటా నేను గీస్తూ వచ్చిన బొమ్మ అదే. పాఠం ముగించి నేరుగా ప్రయోగశాలకు వెళ్లి ఆ రేణువును తిప్పి గట్లు లెక్కపెట్టాను. ఐదు.

మాస్టారికి చూపించినప్పుడు ఆయన చాలాసేపు కంటిని మైక్రోస్కోపు నుంచి తీయలేదు. తీశాక, "కారా జాతి మంచినీటికో, ఉప్పు పలచబడిన నీటికో చెందినది. నీ అమ్మోనియా ఒంటరిదైన లోతూ ఇదే కదా" అని గుర్తుచేశారు. సముద్రంతో మడుగుకున్న దారి మూసుకుపోతూ, స్వర్ణముఖి నీరో మరేదైనా వాగు నీరో అందులో చేరుతున్న కాలమది కావచ్చునని అప్పుడు అనుకున్నాం. అయితే ఒక్క రేణువు మీద అంత మాట నిలబెట్టకూడదని ఆయనే అన్నారు. ఎక్కడో చెరువులో పుట్టి వరదలో కొట్టుకొచ్చిందైనా కావచ్చును కనుక, దాని పై పొర, కింది పొర మళ్లీ చూడమన్నారు.

అందుకే 180, 140 సెంటీమీటర్ల పళ్లేలను మళ్లీ పరిచాను. ఫొరామినిఫెరాను మాత్రమే వెతికిన నా కళ్లు తొలిసారి వీటిని ఇసుక కింద జమకట్టి వదిలేశాయి. 180లో ఒక్కటీ లేదు. 140లో, "చిప్పలు లేవు" అని నేనే రాసి మూసిన డబ్బాలో, అటువంటివి మూడు దొరికాయి; ఒకటి కొస విరిగినది, రెండు చెక్కుచెదరనివి. కొత్త అట్ట మీద వాటిని అతికించి, "కారా కుటుంబపు న్యూక్యూల్, వాకాడు గుంట, 140 సెం.మీ., ఉపశిలాజం" అని రాశాను. మొదటి ఏడాది తూపిలిపాలెం అట్టలను పారేయలేదు. వాటి మీద పాత మాటను ఒక్క గీతతో కొట్టివేసి, "తీరపు పైపొర, ఇప్పటివి" అని మార్చి అదే పెట్టెలో ఉంచాను. 150 దగ్గర మరో నమూనా తీయడానికి గోడ ఇంకా నిలిచి ఉందా అని మా బావమరిదిని అడిగితే, నీళ్లు వదలడానికి ఇంకా పది రోజులుందని చెప్పాడు. ఆదివారం ఉదయం బస్సుకు బయలుదేరుతున్నాను.